ఎనిమిది నెలలుగా ఒక్క కథా ముందుకు కదలడం లేదు

మక్తల్_బండి | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఈ వేదికలో మూడేళ్ళుగా చదువుతున్నాను కానీ రాయడం తక్కువ. మాది పాలమూరు వైపు, ఉద్యోగం హైదరాబాదులో. ఇప్పటికి పదకొండు కథలు అచ్చయ్యాయి. చివరిది పోయిన ఏడు దసరాకి ముందు వచ్చింది. ఆ తర్వాత ఒక్కటీ పూర్తి కాలేదు.

మొదలుపెట్టనివి కావు. ఫైల్లో పందొమ్మిది మొదళ్ళున్నాయి. ప్రతిదీ నాలుగైదు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. ఐదో వాక్యం రాయగానే మొదటిది తప్పనిపిస్తుంది. దాన్ని మారుస్తాను. అప్పుడు రెండోది అతకదు. అలా గంటన్నర కూర్చుని లేచేసరికి స్క్రీను మీద ఒక్క వాక్యం మిగులుతుంది.

చెప్పాల్సింది లేక కాదు. వలసెళ్ళే కుటుంబం గురించి ఒక కథ రెండేళ్ళుగా మనసులో ఉంది. మా అవ్వ చెప్పిన సంగతులే సగం. పొద్దున్నే లేచి రాసి చూశాను, ఫోను పక్కన పెట్టి చూశాను, ఊరికి పోయి వారం ఉండొచ్చాను. ఏదీ పని చేయలేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఎట్లా బయటపడ్డారు?

---

దినచర్య | ఆదివారం, రాత్రి 11:58

నేను పత్రికలో పద్నాలుగేళ్ళు వారం వారం కాలమ్ రాశాను. మూడ్ కోసం ఎదురుచూస్తే ఒక్క వారం కూడా వచ్చేది కాదు. రోజూ ఒకే టైముకి కూర్చోండి. మూడొందల మాటలు పూర్తయ్యేదాకా లేవొద్దు. చెత్తగా వచ్చినా సరే. వంట మనిషికి వంట రావట్లేదని ఇంట్లో పొయ్యి ఆరిపోదు కదా.

---

మక్తల్_బండి | సోమవారం, ఉదయం 6:20

థాంక్సన్నా. డిసెంబరంతా అదే చేశాను. ఇరవై రెండు రోజులు మూడొందల మాటల లెక్కన రాశాను. తిరిగి చదివితే అందులో ఒక్క మనిషి కూడా నాకు తెలిసినవాడు కాదు. అందరూ ఎక్కడో చదివినవాళ్ళలా మాట్లాడుతున్నారు. ఆ తర్వాత కూర్చోవడానికే భయమేసింది.

---

కృతి_వర్ణం | సోమవారం, ఉదయం 7:05

నేను వయొలిన్ నేర్పిస్తాను. రచన గురించి తెలియదు, మా దగ్గర జరిగేది చెబుతాను. కచేరీకి ముందు ఒక్కోసారి కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు అల్లుకుని వాయించే స్వరాలు, అస్సలు రావు. ఏ ప్రయోగం మొదలుపెట్టినా ఎవరో వాయించేసిందే చేతికొస్తుంది. అప్పుడు నేను మోహన రాగం తీసుకుని స, రి, గ మూడు స్వరాలతోనే అరగంట వాయిస్తాను. ప, ద ముట్టుకోను. మొదటి పది నిమిషాలు నరకం. తర్వాత ఆ మూడింటి మధ్యే అంతకుముందు కనబడని సందులు కనబడతాయి. మీకేది అనువదించుకోవాలో మీరే చూసుకోండి.

---

డాలస్_తెలుగమ్మాయి | సోమవారం, ఉదయం 7:31

నాదీ ఇంచుమించు ఇదే కథ. ఇక్కడి పిల్లల కోసం తెలుగులో చిన్న కథలు రాస్తాను. ఆర్నెల్లు ఇంగ్లీషులోనే మాట్లాడి కూర్చుంటే పాత్రలు కూడా ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో పలుకుతాయి. అమ్మకి ఫోన్ చేసి ఏదైనా అడుగుతాను. "పక్కింటి వాళ్ళ పెళ్ళి ఎలా జరిగింది" అంటే చాలు. ఇరవై నిమిషాలు వింటే చెవి సర్దుకుంటుంది. ఏం చెప్పిందన్నది కాదు, ఎక్కడ ఆగింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది అన్నది నాకు పనికొస్తుంది.

---

సువర్ణముఖి | సోమవారం, మధ్యాహ్నం 2:14

తమ్ముడూ, నేను శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తాను. పాతికేళ్ళ పైమాటే. నాలుగేళ్ళ క్రితం నాకు ఇట్లాంటిదే వచ్చింది. నీదానికి ఎదురు రకం. నీకు గీత కదలడంలేదు, నాకు గీత ఆగలేదు. పట్టాభిషేకం, జీవవృక్షం, నెమళ్ళు. వ్యాపారులు అడిగేది అవే. చెయ్యి దానంతటది వేసేస్తా ఉంటే నేను టీవీలో వార్తలు వింటా ఉండేదాన్ని. ఒకరోజు సీత ముఖం వేసి చూస్తే ముందురోజు వేసిన మండోదరి ముఖమే. రెండూ ఒకటే. ఆ రోజు కలం కింద పెట్టేశాను.

మా పని తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. గుడ్డ మీద బొమ్మ వేయడానికి ముందు చాలా పనుంటుంది. గాడా గుడ్డని, అంటే ముతక నూలు గుడ్డని, ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి పిండి ఎండేయాలి. పాలలో కొవ్వు ఉండబట్టే రంగు గుడ్డలో పరుచుకోకుండా గీసినచోటే నిలుస్తుంది. నలుపు కోసం కసిమి పెట్టాలి. ఇనప తుక్కు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతాం. కసిమి కుండలో ఉన్నప్పుడు నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితేనే నల్లబడుతుంది. చింతబరికెలు కాల్చి బొగ్గు చేసుకుంటాం, మొదటి గీతకి. ఎరుపు రావాలంటే పటిక నీళ్ళు రాసి, ఉతికి, వేర్లూ చెక్కలూ వేసి కాగబెట్టాలి. రాసేటప్పుడు ఎరుపు కనబడదు. కాగులో ఉడికాకే తెలుస్తుంది ఎక్కడ రాశామో, ఎక్కడ వదిలేశామో.

నేను రెండు నెలలు బొమ్మ వేయలేదు. అయితే ఆ పనులు మానలేదు. గుడ్డలు కరక్కాయ పట్టించాను. కసిమి పెట్టాను. కలాలు కట్టాను, వెదురుపుల్లకి ఉన్ని చుట్టి దారం బిగించి. మా నాయన "బొమ్మ రాకపోతే గుడ్డని సిద్ధం చెయ్యి, గుడ్డకి నువ్వంటే కోపం లేదుగా" అనేవాడు. అది నన్ను కాపాడింది. పనికి దూరం కాలేదు నేను, బొమ్మకి మాత్రమే దూరమయ్యాను.

తర్వాత లేపాక్షి పోయాను. వీరభద్రుడి గుడి కప్పు మీద విజయనగరం కాలం నాటి చిత్రాలున్నాయి కదా. అందరూ దేవుళ్ళని చూస్తారు. నేను రెండు రోజులు మెడ నొప్పి పుట్టేదాకా ఆ బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టుకున్న చీరల అంచులు మాత్రం నోటుబుక్కులో దించుకున్నాను. ముఖం ఒక్కటీ వేయకూడదని ఒట్టు పెట్టుకున్నా. తర్వాత లతామంటపం స్తంభాల మీది తీగలు. ఇంటికొచ్చాక వేసిన మొదటి గుడ్డ మొత్తం అంచులే, నడుమ ఖాళీ. ఎవరూ కొనలేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆ ఖాళీలో ఒక ముసలామె కూర్చుని ఉన్నట్టు నాకు కనబడింది. తర్వాతి గుడ్డలో ఆమెని వేశాను. ఆమె సీతా కాదు, మండోదరీ కాదు.

వయొలిన్ సార్ చెప్పింది నాకు బాగా అర్థమయింది.

---

కథల_కావిడి | సోమవారం, సాయంత్రం 5:40

బండి గారూ, మాది శ్రీకాకుళం. రాయలేనప్పుడు చదవడం మంచిదని అందరూ అంటారు. ఏం చదవాలన్నది ముఖ్యం. మా ఊళ్ళో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. తెలుగు కథలు వచ్చిన పాత పత్రికలు, సంపుటాలు అక్కడ పోగుచేశారు. వాటిలో చాలా కథలు ఇంటర్నెట్లోనూ చూడొచ్చు. పెద్ద పేర్లు వదిలేయండి. ఎవరూ గుర్తుపెట్టుకోని రచయితల కథలు పదైనా చదవండి. గొప్ప కథ చదివితే మనకి చెయ్యి ఆగుతుంది. మామూలు కథ చదివితే "ఇక్కడ నేనైతే ఇలా రాసేవాణ్ణి" అనిపిస్తుంది. నాకు చాలా కథలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

---

నిషిద్ధాక్షరి | సోమవారం, రాత్రి 8:15

చిరంజీవి బండికి ఆశీస్సులు. నేను కోనసీమలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. పద్యాలు రాస్తాను. ఎనిమిది మంది అడిగేవాటికి ఒకే అవధాని సభలో జవాబు చెప్పే అష్టావధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అడిగేవాడిగా, కూర్చునే అవకాశం చాలాసార్లు దొరికింది.

కృతి వర్ణం గారు చెప్పిన మూడు స్వరాల సంగతి మన సాహిత్యానికి కొత్త కాదు. పొన్నికంటి తెలగన 16వ శతాబ్దంలో సంస్కృత పదాలు పక్కన పెట్టి అచ్చ తెలుగులో యయాతి చరిత్ర చెప్పాడు. పింగళి సూరన ఒకే పద్యం రామాయణానికీ భారతానికీ అన్వయించేట్టు రాఘవపాండవీయం రాశాడు. దారి ఇరుకైనప్పుడే కాళ్ళు జాగ్రత్తగా పడతాయి.

అయితే నీ మాటల్లో నన్ను ఆపింది వేరే. ఐదో వాక్యం రాయగానే మొదటిది తప్పనిపిస్తుంది అన్నావు. అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశంలో నేను చేసే పని అదే. అవధాని "శ్రీ" అనగానే తర్వాత రాముడు వస్తాడని ఊహించి "ర" నిషేధం అంటాను. ఆయన ఇంకో అక్షరం వేస్తాడు. దాని తర్వాత రాబోయేదాన్నీ ఊహించి ఆపుతాను. అక్షరం అక్షరానికీ అడ్డు. అయినా పద్యం పూర్తవుతుంది. ఎందుకంటావు? నేను ఆయనకు ఎదురుగా కూర్చుంటాను. నా పని ఆపడం, ఆయన పని సాగడం. ఇద్దరం వేరు వేరు. నీ పృచ్ఛకుడు నీ లోపల కూర్చున్నాడు నాయనా. అతను ఎవరు? ఎప్పుడు వచ్చి కూర్చున్నాడు? పదకొండు కథలకి లేనివాడు పన్నెండో కథకి ఎందుకొచ్చాడు?

---

మక్తల్_బండి | సోమవారం, రాత్రి 11:50

మాస్టారూ, మీ ప్రశ్న చదివి రెండు గంటలు జవాబు రాయలేకపోయాను.

చివరి కథ ఒక పత్రికకి పంపాను. పేరు వద్దు. వాళ్ళు వేసుకున్నారు, సంతోషం. అచ్చులో చూస్తే మా అవ్వ మాట్లాడిన మాటలన్నీ మార్చేశారు. "యాడికి వోతున్నవ్ బిడ్డా" అన్నది "ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అయింది. అడిగితే, మిగతా జిల్లాల పాఠకులకి అర్థం కావాలి కదా అన్నారు. నాతో మర్యాదగానే మాట్లాడారు. నేనూ సరేనన్నాను. ఇంట్లో కథ చదివి వినిపిస్తే అవ్వ మొత్తం విని "ఇది ఎవరి కథ బిడ్డా?" అన్నది.

అప్పటిసంది ఏ వాక్యం రాసినా రెండు తీర్ల వినవడుతున్నది.

---

సువర్ణముఖి | మంగళవారం, ఉదయం 5:55

ఆ ఆగిపోయిన కథ మొదలు ఇక్కడ పెట్టు తమ్ముడూ. రెండు తీర్లుగానూ పెట్టు.

---

మక్తల్_బండి | మంగళవారం, ఉదయం 9:10

ఒకటి:
*ఆమె గుమ్మం దగ్గర కూర్చుని మూటలు లెక్కపెట్టింది. మొత్తం నాలుగు ఉన్నాయి. లారీ ఇంకా రాలేదు.*

రెండు:
*అవ్వ కడప మీద కూసోని మూటలు లెక్కవెడుతున్నది. నాలుగే. లారీ ఇంక రాలే. నాలుగు మూటలల్లనే ఇల్లంత వట్టిందా అని మల్ల మొదటిసంది లెక్కవెడుతున్నది.*

ఫైల్లో ఉన్నది మొదటిది. రెండోది ఇప్పుడు ఇక్కడే టైపు చేశాను.

---

డాలస్_తెలుగమ్మాయి | మంగళవారం, ఉదయం 9:22

రెండోదాంట్లో ఒక వాక్యం ఎక్కువుంది. అది మొదటిదాంట్లో ఎందుకు లేదు?

---

మక్తల్_బండి | మంగళవారం, ఉదయం 9:40

నేనూ ఇప్పుడే చూసుకున్నాను. మొదటిది రాసేటప్పుడు ఆ మాట తట్టనే లేదు. ఆ భాషలో మా అవ్వ మళ్ళీ లెక్కపెట్టదు.

---

దినచర్య | మంగళవారం, ఉదయం 10:30

రోజూ కూర్చోవాలన్న నా మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఈయన చేత నేను తప్పు భాషలో మూడొందల మాటలు రాయించాను. అది ఒప్పుకోవాలి.

ఇంకొకటి చెప్పాలి. యాస రాస్తే చాలు కథ నడుస్తుందని ఎవరూ అనుకోవద్దు. ప్రతి మాటా విరిచి రాసి, లోపల మనిషి లేని కథలు డెస్కులో నా చేతికి చాలానే వచ్చాయి. ఇక్కడ యాస పనిచేసింది, ఎందుకంటే దాంతోపాటు ఆమె చూపు వచ్చింది. కథనం ఏ భాషలో ఉండాలి, సంభాషణ ఏ భాషలో ఉండాలి అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. మొదటి ప్రతి మాత్రం అవ్వకి అర్థమయ్యేలా రాయండి. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చువేసి, 1909 కూర్పుకి దాదాపు తిరగరాశారు. మొదటి ప్రతే చివరి ప్రతి కావాలన్న నియమం ఎక్కడా లేదు.

---

గోరింట | మంగళవారం, ఉదయం 11:02

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ఒక్క మాట. నిద్ర, తిండి బాగానే ఉన్నాయా? రాయడం ఒక్కటే ఆగిపోతే అది రచన సంగతి. దేని మీదా ఇష్టం లేకుండా వారాల తరబడి ఉంటే డాక్టర్ని కలవండి. ఇలా అడిగినందుకు ఏమీ అనుకోకండి.

---

మక్తల్_బండి | మంగళవారం, ఉదయం 11:15

నిద్ర, తిండి బాగానే ఉన్నాయి మేడం. అడిగినందుకు సంతోషం.

---

నిషిద్ధాక్షరి | మంగళవారం, సాయంత్రం 6:30

నీ లోపలి పృచ్ఛకుడు ఎవరని తెలిసింది కనుక అతన్ని లోపలి నుంచి లేపి ఎదురుగా కూర్చోబెట్టు. పంపేయక్కర్లేదు. కథ పూర్తయ్యాక అతని ప్రశ్నలకీ జవాబు చెప్పాలి. చదివేవాడికి అర్థం కావాలన్నది తప్పు ప్రశ్న కాదు, ముందుగా అడగకూడని ప్రశ్న.

అవధానంలో ఇంకో కిటుకుంది. అవధాని ఏ పద్యాన్నీ ఒక్కసారిగా పూర్తి చేయడు. ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయాల్సిన సమస్యకి ఒక పాదం చెప్పి, ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం అల్లాల్సిన దత్తపదికి వెళతాడు, అక్కడ ఒక పాదం చెప్పి వర్ణనకి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి సంబంధం లేని ప్రశ్నలు వేస్తాడు. ఒక ఆవృత్తి తిరిగి సమస్య దగ్గరికి వచ్చేసరికి రెండో పాదం లోపల ఎక్కడో తయారై ఉంటుంది. పోతన గురించి చెప్పుకునే కథ మీ అందరికీ తెలుసు. అల వైకుంఠపురంబులో అని ఎత్తుకుని, చూడని వైకుంఠాన్ని ఎలా చెప్పాలో తోచక ఆగిపోయాడట. ఆయన బయటికి వెళ్ళినప్పుడు రాముడే వచ్చి పద్యం పూర్తిచేశాడంటారు. భక్తులు రాముడు వచ్చిన దగ్గర నమస్కారం పెడతారు. నేనూ పెడతాను. అయితే పద్యాలు రాసేవాడిగా నాకు పోతన గంటం కిందపెట్టి లేచి వెళ్ళిన క్షణం కూడా ముఖ్యమే.

కనుక నీకు దత్తపది ఇద్దాం. నాలుగు మాటలు. ఆ నాలుగూ వచ్చేలా వలస కథ మొదలు రాయి. వచనమే. అవ్వ భాషలో. గురువారం రాత్రిలోగా. ఒక్కో మాట ఒక్కొక్కరు ఇవ్వండి. మొదటిది నాది: తాళంచెవి.

---

సువర్ణముఖి | మంగళవారం, సాయంత్రం 6:48

చింతగింజలు.

---

గోరింట | మంగళవారం, సాయంత్రం 7:10

గోరింటాకు. నా పేరే ఇస్తున్నాను.

---

డాలస్_తెలుగమ్మాయి | మంగళవారం, రాత్రి 8:03

బస్సు టికెట్టు.

---

మక్తల్_బండి | మంగళవారం, రాత్రి 8:20

గోరింట మేడం, మా ఇంట్లో దాన్ని మైదాకు అంటారు. అట్లనే రాయొచ్చా?

---

నిషిద్ధాక్షరి | మంగళవారం, రాత్రి 8:31

అట్లనే రాయాలి.

---

కథల_కావిడి | గురువారం, మధ్యాహ్నం 1:15

ఎంతవరకు వచ్చింది బండి గారూ?

---

మక్తల్_బండి | గురువారం, రాత్రి 10:37

నిన్న రాత్రి అవ్వకి ఫోన్ చేశాను. కథ అని చెప్పలేదు. "వలసవోయేటప్పుడు ఇంటి తాళంచెవి యాడ వెట్టేటోళ్ళు?" అని అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడింది. తాళంచెవి సంగతి మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోయింది. మిగతాదంతా నేను అడగనిది. తర్వాత కూర్చుంటే ఒంటిగంట దాటింది. వెనక్కి పోయి ఒక్క మాట కూడా మార్చలేదు. మొదటి ముక్క పెడుతున్నాను.

*ఇంటికి తాళమేసినంక తాళంచెవి యాడ వెట్టాల్నో తెల్వక అవ్వ నిలవడ్డది. కొంగుకు కట్టుకుంటె పనికాడ జారిపోతది. పక్కింట్ల ఇద్దమంటె వాళ్ళు గూడ లారీ ఎక్కిన్రు. పొద్దుగాల సిన్నది ఆడి ఇడిసిపెట్టిన చింతగింజలు కడపకాన్నే వడి ఉన్నయి. అవ్వ ఒంగి ఒక్కొక్కటి ఏరి కొంగుల వోసుకున్నది. తాళంచెవి గోడసందుల వెట్టి, పైన మట్టి మెత్తింది.*

*సిన్నదాని చేతుల మైదాకు ఇంక ఆరలే. చేతులు రెండు ఎడంగ వట్టుకోని లారీ దిక్కు నడుస్తున్నది. మూట మొయ్యనీకె అక్కరకు రాదని ఎవ్వరు అనలే.*

*పోయినేడు తిరిగొచ్చినప్పటి బస్సు టికెట్టు అవ్వ బొడ్లె సంచిల అట్లనే ఉన్నది. లారీకి టికెట్టు ఉండదు. మేస్త్రి బండి ఎనక నిలవడి, ఎక్కినోళ్ళ నెత్తులు లెక్కవెట్టి బుక్కుల రాసుకుంటున్నడు.*

ఇంకా ఆరు పేజీలున్నాయి. అవి సరిగ్గా లేవు, అయినా ఉన్నాయి.

---

దినచర్య | గురువారం, రాత్రి 10:52

అవ్వ మూటలు లెక్కపెట్టింది, మేస్త్రి మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. ఇది అనుకుని రాశారా?

---

మక్తల్_బండి | గురువారం, రాత్రి 10:58

లేదన్నా. మీరు చెప్పాకే చూస్తున్నాను.

---

సువర్ణముఖి | గురువారం, రాత్రి 11:06

మేస్త్రి రాసుకున్న లెక్కలో చిన్నది ఉందా?

---

మక్తల్_బండి | గురువారం, రాత్రి 11:09

ఇప్పుడు అదే రాస్తున్ననక్కా.